వీలునామా రాసుకోవడం ఎలా: చేను, ఇల్లు, బోరు ఉన్నవాళ్ళందరికీ

"ఇల్లు చిన్నోడికి, రోడ్డు పక్క చేను పెద్దోడికి. పాపకు పెండ్లప్పుడే పెట్టినాం కదప్పా!" మన అనంతపురం పల్లెల్లో ఏ అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. చెప్పిన మనిషి ఉన్నన్నాళ్ళూ ఆ మాటకు ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. ఆయన పోయాక తహసీల్దారు ఆఫీసులో మాత్రం దానికి విలువ లేదు. హిందువుల విషయంలో నోటిమాటగా చెప్పిన వీలునామా చెల్లదు. కాగితం లేకపోతే చట్టం తన లెక్క తాను వేసుకుంటూ పోతుంది.

ఆ లెక్క ఎట్లా ఉంటుందో ముందు చూడండి. ఇంటి పెద్ద వీలునామా రాయకుండా పోయినాడు. తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితం అయిదు సమాన భాగాలు అవుతుంది. పల్లెలోనే ఉండి పెద్దవాళ్ళను చూసుకున్న కొడుక్కీ, బెంగళూరులో స్థిరపడిన కొడుక్కీ ఒకే వాటా. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది భార్య సంగతి. నలభై ఏళ్ళు కాపురం చేసిన ఇంట్లోనే ఆమెది అయిదో వంతు. మిగతా నాలుగు వంతుల వాళ్ళు అమ్మేద్దామంటే ఆమె వంటింటిని ఎవరు కాపాడతారు? అందుకే నేను ఎవరికి చెప్పినా ముందుగా ఇదే చెబుతాను: వీలునామా మొట్టమొదట మీ భార్య కోసం, లేదా మీ భర్త కోసం రాయండి. పిల్లల సంగతి ఆ తర్వాత.

ఎప్పుడు రాయాలి

పద్దెనిమిదేళ్ళు నిండి, మనసు స్వస్థతలో ఉన్న ఎవరైనా రాయవచ్చు. ఒంట్లో బాగున్నప్పుడే రాయండి. ఆసుపత్రి మంచం మీద, చెయ్యి వణుకుతుండగా, ఆస్తి అందుకునే కొడుకే పక్కన నిలబడి పెట్టించిన సంతకాన్ని కోర్టులు అనుమానంగానే చూస్తాయి. ఇట్లాంటి అనుమానాలను వీలునామా పట్టుకొచ్చినవాళ్ళే తీర్చాలని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. సంతకం తేడాగా ఉండటం, లాభం పొందేవాడే ముందుండి నడిపించడం, సొంత బిడ్డను కారణం చెప్పకుండా వదిలేయడం లాంటివి ఆ కోవలోకే వస్తాయి. ఈ రోజు రాసింది రేపు మార్చుకోవచ్చు కాబట్టి తొందరపడ్డామన్న బెంగ అక్కర్లేదు.

మొదట కాగితాలన్నీ బయటికి తీయండి

పెట్టెలో ఉన్నవన్నీ మంచం మీద పరవండి. పట్టాదారు పాసుపుస్తకం, కొన్న దస్తావేజులు, అన్నదమ్ముల పారీకత్తు (భాగపంపకాల పత్రం), ఇంటి పన్ను రసీదు, బ్యాంకు పుస్తకాలు, ఎల్‌ఐసీ బాండ్లు, పోస్టాఫీసు డిపాజిట్లు, బంగారం తాకట్టు రసీదులు. భూమికి ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్‌లో 1-బి, అడంగల్ (భూమి ఎవరిది, సాగు ఎవరిది అని చూపే రెవెన్యూ రికార్డులు) తీసుకోండి. రిజిస్టర్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) కూడా తీయించండి. పాసుపుస్తకంలో ఉన్న విస్తీర్ణమూ 1-బి లో ఉన్నదీ ఒకటిగా లేకపోతే ముందు దాన్ని సరిచేయించుకోవాలి. తప్పుడు లెక్క మీద రాసిన వీలునామా పిల్లలకు ఇంకో తగాదా తెచ్చిపెడుతుంది.

మన ప్రాంతంలో రెండు విషయాలు ప్రత్యేకంగా చూసుకోవాలి. రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. వీలునామాలో రెండూ రాయండి. రెండోది జిల్లాల సంగతి. 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి శ్రీసత్యసాయి, కర్నూలు నుంచి నంద్యాల జిల్లాలు వేరుపడ్డాయి. కడపలో కొంత అన్నమయ్య జిల్లాలోకి పోయింది. మీ పాత దస్తావేజులో అనంతపురం జిల్లా అని ఉండి, ఊరు ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉంటే, "పూర్వపు అనంతపురం జిల్లా, ప్రస్తుత శ్రీసత్యసాయి జిల్లా" అని రెండు పేర్లూ రాయించండి.

చెక్కుబందీ, అంటే హద్దులు, నాలుగు దిక్కులా రాయాలి. పక్క చేను చేతులు మారి ఉంటే ఇప్పటి ఆసామి పేరే రాయండి.

ఏది మీది, ఏది కాదు

మీ కష్టంతో కొన్నది, మీ పేరున దానంగా వచ్చింది మీ ఇష్టం. ఎవరికైనా రాయవచ్చు. ఉమ్మడి పిత్రార్జితంలో మీ భాగం మేరకే రాసే హక్కుంది. "అంతా నా పేరుమీదే ఉంది కదా" అని పెద్దకొడుక్కి మొత్తం రాసేస్తే, మిగతావాళ్ళ భాగం వరకు ఆ వీలునామా చెల్లదు.

ఇక్కడే ఆడపిల్లల మాట వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు 1985 సెప్టెంబరు 5 నుంచే ఆ హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్ళయినవాళ్ళకూ వచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పారీకత్తు అయిపోయి ఉంటే మాత్రం దాన్ని కదిలించలేరు. కట్నం ఇచ్చినాం, బంగారం పెట్టినాం అన్న కారణంతో ఈ హక్కు పోదు. కూతురి ఎదుటే కూర్చుని మాట్లాడి, ఆమెకు ఏమిస్తున్నారో వీలునామాలో రాయండి. ఆమెకు తక్కువ ఇస్తుంటే ఎందుకో ఒక్క వాక్యం రాయండి. ఆ ఒక్క వాక్యం లేకనే ఎన్నో ఇళ్ళలో అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

తాత నుంచి వచ్చిందంతా పిత్రార్జితమే అని చాలామంది అనుకుంటారు. అది అన్నివేళలా నిజం కాదు. తాత స్వార్జితం 1956 తర్వాత ఆయన మరణంతో మీ నాయనకు వారసత్వంగా వస్తే అది మీ నాయన సొంతమే అవుతుంది. ఈ ఒక్క ముడి విప్పడానికైనా సివిల్ వకీలుకు కాగితాలు చూపించి ఫీజు ఇవ్వండి. డీకేటీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) ఉన్నవాళ్ళు కూడా అంతే. 1977 చట్టం ఆ భూముల అమ్మకాలకూ దానాలకూ అడ్డుకట్ట వేసింది. అది వారసులకు వస్తుంది, కానీ వీలునామాలో ఎట్లా చేర్చాలో అడిగి తెలుసుకున్నాకే రాయండి.

భార్యకు రాసేటప్పుడు

మామూలుగా దస్తావేజు లేఖరులు ఇట్లా రాస్తుంటారు: "నా భార్య జీవితాంతం అనుభవించవలెను, అనంతరం నా కుమారులకు చెందవలెను." వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ వాక్యం మీద దశాబ్దాలుగా వ్యాజ్యాలు నడుస్తున్నాయి. భార్యకు ఉన్న మనోవర్తి హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే, పరిమితులు రాసినా అది ఆమెకు పూర్తి హక్కు అవుతుందని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కిందికి ఇది వస్తుంది. అటు కొడుకులు, ఇటు తల్లి నుంచి కొన్నవాళ్ళు, మధ్యలో ఏళ్ళ తరబడి కోర్టు.

నా అభిప్రాయం అడిగితే, ఉన్న ఇల్లు భార్యకు పూర్తి హక్కులతో రాసేయండి. అమ్ముకున్నా, ఎవరికి ఇచ్చుకున్నా ఆమె ఇష్టం. తన పేర ఇల్లు ఉన్న తల్లిని చూసుకునేవాళ్ళు ఉంటారు. ఏ కారణంగానైనా జీవితకాల హక్కు మాత్రమే ఇవ్వాలనుకుంటే, అమ్మే హక్కు లేదన్నదీ, ఆమె తర్వాత ఎవరికన్నదీ స్పష్టంగా రాయించండి. మొదటి పేజీలో "సర్వహక్కులతో" అని, మూడో పేజీలో "జీవితాంతం మాత్రమే" అని రాయడం అన్నిటికన్నా ప్రమాదం.

బోరు, దారి, అప్పు

అనంతపురంలో చేను పంచడం అంటే నీళ్ళు పంచడమే. చీనీ తోట ఒక కొడుక్కి, పక్కనున్న మెట్ట ఇంకొకడికి రాసి, బోరు ఎవరి చేనులో ఉంటే వాళ్ళదే అన్నట్టు వదిలేస్తే రెండో ఏడే గొడవ మొదలవుతుంది. బోరు, మోటారు, కరెంటు సర్వీసు, పైపులైను ఎవరివో రాయండి. ఇద్దరికీ నీళ్ళు కావాలంటే వంతులు ఎట్లా, మోటారు కాలితే ఖర్చు ఎవరిది, ఆ బోరు ఎండిపోతే కొత్తది వేసుకునే స్థలం ఎక్కడ అన్నవి కూడా రాయాలి. లోపలి చేనుకు బండి పోయే దారి ఎన్ని అడుగులో, ఏ గట్టు వెంబడి పోతుందో చెప్పండి. చట్టం ఇవన్నీ రాయమని అడగదు. ఊరి పంచాయితీల్లో మాత్రం తొలి ప్రశ్న ఇదే.

పంట రుణం, బంగారు రుణం, చేబదులు ఏమున్నాయో రాసి, ఎవరు తీర్చాలో చెప్పండి. అప్పులు తీరాకే ఆస్తి పంపకం.

ఇంకో రెండు వాక్యాలు మర్చిపోవద్దు. మీరు రాసిచ్చిన మనిషి మీకన్నా ముందే పోతే ఆ భాగం ఎవరికి పోవాలి? ఈ కాగితంలో చెప్పకుండా మిగిలిన ఆస్తి, రేపు సంపాదించేది ఎవరికి?

నామినీ ఉంటే చాలదు

బ్యాంకు ఖాతాకు పెద్దకొడుకును నామినీగా పెట్టినంత మాత్రాన ఆ డబ్బు అతనిది అయిపోదు. బ్యాంకు అతని చేతికి ఇస్తుంది, అతను వారసులకు లెక్క చెప్పాలి. షేర్ల విషయంలోనూ ఇదే మాట 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్సులో 2015 సవరణ తర్వాత భార్య, పిల్లలు, తల్లిదండ్రులను నామినీగా పెడితే లెక్క కొంచెం వేరు. సులువైన దారి ఏమిటంటే నామినీ పేరూ వీలునామాలో పేరూ ఒకటిగా ఉండేట్టు చూసుకోవడం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు.

ఆడవాళ్ళు తప్పకుండా రాయాలి

పిల్లలు లేని ఒక టీచరమ్మను ఊహించుకోండి. భర్త పోయాడు. తన జీతంతో కర్నూలులో ఇల్లు కట్టుకుంది. వీలునామా లేకుండా ఆమె పోతే ఆ ఇల్లు భర్త తరఫు వారసులకు పోతుంది. కడదాకా దగ్గరుండి చూసుకున్న చెల్లెలికి ఏమీ రాదు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చింది మాత్రమే, పిల్లలు లేకపోతే, తండ్రి వారసులకు తిరిగిపోతుంది. చట్టం 15వ సెక్షన్ ఇట్లా ఉంది. చెల్లెలి పేరున ఒక్క కాగితం రాసి ఉంటే చాలు. ఉద్యోగం చేసే, ఆస్తి ఉన్న ప్రతి ఆడమనిషీ, ముఖ్యంగా పిల్లలు లేనివాళ్ళు, ఒంటరిగా ఉన్నవాళ్ళు దీన్ని వాయిదా వేయవద్దు.

ముస్లింలు, క్రైస్తవులు

కర్నూలు, కడప పట్టణాల్లో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఇది విడిగా చెప్పాలి. వసీయత్ (ముస్లింల వీలునామా) ఆస్తిలో మూడో వంతుకు మించకూడదు. అదీ అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలినదానిలో. సున్నీల్లో వారసుడికే రాస్తే మిగతా వారసులు ఆ మనిషి పోయాక ఒప్పుకుంటేనే చెల్లుతుంది. అందుకే ఎక్కువమంది ఆ మూడో వంతును వారసత్వం రానివాళ్ళకో, ధర్మానికో రాస్తారు. నోటిమాట వసీయత్ చెల్లుతుంది, కానీ రుజువు చేయడం కష్టం. రాయడమే మేలు.

క్రైస్తవులు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. పెళ్ళికి ముందు రాసిన వీలునామా పెళ్ళితో రద్దవుతుంది. సాక్షి సంతకం పెట్టిన మనిషికి గానీ, అతని భార్యకు లేదా భర్తకు గానీ రాసిన ఆస్తి వాళ్ళకు రాదు.

రాయడం

స్టాంపు కాగితం అవసరం లేదు. వీలునామాకు స్టాంపు డ్యూటీయే లేదు. తెల్లకాగితం చాలు. మీకు వచ్చిన తెలుగులోనే రాయండి. మొదలు ఇట్లా ఉండవచ్చు:

"ఫలానా తేదీన, ఫలానా ఊరి కాపురస్తుడనైన నేను, నా సంపూర్ణ స్పృహతో, ఎవరి ఒత్తిడీ ప్రేరణా లేకుండా రాయించుకున్న వీలునామా. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలు ఏవైనా ఉంటే అవన్నీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. నా జీవితకాలంలో నా ఆస్తులన్నిటి మీదా సర్వహక్కులూ నావే. నా తదనంతరం కింది విధంగా చెందవలెను."

ఆ తర్వాత కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో అందరి పేర్లూ, ఏమీ ఇవ్వనివాళ్ళవి కూడా, రాయండి. ఎవరికి ఏమి, ఎందుకు, చివర షెడ్యూలు (ఆస్తుల వివరాల జాబితా). పనులు జరిపించడానికి నమ్మకమైన ఒకరిని ఎగ్జిక్యూటరుగా పెట్టండి. కొట్టివేతలు ఉంటే పక్కన సంతకం చేయండి, వీలైతే ఆ పేజీ మళ్ళీ రాయించడం మంచిది. ప్రతి పేజీ కింద సంతకం. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేయవచ్చు. అప్పుడు "చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకొని వేసిన వేలిముద్ర" అని రాయించాలి.

సాక్షులు

కనీసం ఇద్దరు. మీరు సంతకం పెట్టడం వాళ్ళు చూడాలి, లేదా ఇది నా సంతకమేనని మీరు వాళ్ళతో చెప్పాలి. వాళ్ళు మీ కళ్ళ ముందు సంతకం చేయాలి. ఇద్దరూ ఒకే సమయంలో ఉండాలని లేదు, కానీ ఉంటే మంచిది. రేపు తగాదా వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకు వచ్చి చెప్పాలి. కాబట్టి మీకన్నా చిన్నవాళ్ళను, ఊళ్ళో నిలకడగా ఉండేవాళ్ళను ఎంచుకోండి. రిజిస్టర్ ఆఫీసు బయట దొరికిన ఎవరో ఒకరి చేత సంతకం పెట్టించి రావడం మన దగ్గర తరచుగా జరిగే తప్పు. పదిహేనేళ్ళ తర్వాత ఆ మనిషిని ఎక్కడ వెతుకుతారు? మీరు ఏ మతంవాళ్ళయినా, ఆస్తి అందుకునేవాళ్ళను, వాళ్ళ భార్యాభర్తలను సాక్షులుగా పెట్టకండి. రాసిన లేఖరి సంతకం లేఖరి సంతకమే, దాన్ని సాక్షి సంతకంగా లెక్కపెట్టుకోవద్దు.

వయసు పైబడినవాళ్ళయితే అదే రోజు డాక్టరు దగ్గర మానసికంగా బాగున్నారని సర్టిఫికెట్ తీసుకోండి. ఫోన్లో చిన్న వీడియో తీసినా ఉపయోగమే. ఇవి తప్పనిసరి కాదు, రేపు అనుమానం పుట్టకుండా పనికొస్తాయి.

రిజిస్టర్ చేయించాలా?

చట్టం తప్పనిసరి చేయలేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం వీలునామాను ఇష్టాన్ని బట్టి చేయించుకునే దస్తావేజుల్లో పెట్టింది. అయినా చేయించండి. కాగితం పోయినా నకలు దొరుకుతుంది, ఇది మీరు పెట్టిన సంతకమేనన్న వాదన బలపడుతుంది. అయితే రిజిస్టర్ అయినంత మాత్రాన ఇక ఎవరూ ప్రశ్నించలేరని అనుకోవద్దు. సాక్షి రుజువు అప్పుడూ కావాలి. రాశాక ఎంత ఆలస్యమైనా రిజిస్ట్రేషన్‌కు గడువు లేదు, మనిషి పోయాక కూడా ఎగ్జిక్యూటరో, లబ్ధిదారో తీసుకెళ్ళి చేయించవచ్చు. కదలలేనివాళ్ళ ఇంటికే వచ్చి చేసే వెసులుబాటు కూడా ఉంది.

వీలునామాలకు మూడో నంబరు పుస్తకం విడిగా ఉంటుంది. మీరు బతికుండగా మీకూ మీ తరఫు ఏజెంటుకూ తప్ప ఇంకెవరికీ నకలు ఇవ్వరు. అసలు ఏమి రాశారో ఎవరికీ తెలియకూడదంటే, సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచవచ్చు.

వీలునామా బదులు సెటిల్‌మెంటు రాస్తే?

"ఇప్పుడే రాసిచ్చేయి నాయనా, మళ్ళీ ఈ తిరుగుడంతా ఎందుకు" అని పిల్లలు అడుగుతారు. దాన సెటిల్‌మెంటు రాసి రిజిస్టర్ చేసిన రోజే ఆస్తి వాళ్ళది. వెనక్కి తీసుకోవడం మీ ఇష్టం కాదు. వీలునామా అయితే ఊపిరి ఉన్నంతవరకు ఆస్తి మీ చేతిలోనే. తప్పక ఇవ్వాల్సి వస్తే, తిండి, వైద్యం, ఉండే చోటు చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. చూసుకోకపోతే 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లో ఆ దస్తావేజు రద్దు కోరవచ్చు. వృద్ధాప్యంలో ఆ మెట్లు ఎక్కే పరిస్థితి తెచ్చుకోకండి.

మార్చుకోవడం

కొత్త వీలునామా రాస్తే పాతది రద్దు. చిన్న మార్పయితే అనుబంధ వీలునామా చాలు, దానికీ ఇద్దరు సాక్షులు ఉండాల్సిందే. రిజిస్టర్ చేసినదాన్ని రిజిస్టర్ చేయనిదానితో కూడా రద్దు చేయవచ్చు, కానీ మొదటిది రిజిస్టర్ అయితే రెండోదీ చేయించడమే మంచిది. కొత్తగా చేను కొన్నప్పుడు, ఒకటి అమ్మినప్పుడు, మనవళ్ళు పుట్టినప్పుడు, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు తీసి చదవండి.

ఆ తర్వాత వారసులు చేయాల్సింది

అసలు కాగితం ఎక్కడుందో ఎగ్జిక్యూటరుకూ ఇంకొకరికీ ముందే చెప్పి ఉంచండి. బ్యాంకు లాకరులో పెడితే, తీసే హక్కు ఉన్న రెండో మనిషి ఉండాలి.

మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వీలునామా, పాసుపుస్తకం తీసుకుని గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో మ్యుటేషన్‌కు (భూమి రికార్డుల్లో పేరు మార్పుకు) పెట్టుకోవాలి. ఇంటికి పంచాయతీ లేదా మున్సిపాలిటీలో పన్ను పేరు, కరెంటు సర్వీసు పేరు మార్పించుకోవాలి. బ్యాంకుకు, ఎల్‌ఐసీకి వేర్వేరుగా తెలపాలి. మన జిల్లాల్లోని ఆస్తులకు వీలునామాను ప్రొబేట్ చేయించడం (కోర్టులో రుజువు చేసి ధ్రువీకరణ పొందడం) హిందువులకు, ముస్లింలకు, భారతీయ క్రైస్తవులకు తప్పనిసరి కాదు. ఎవరైనా అభ్యంతరం పెడితే తహసీల్దారు హక్కు తేల్చడు, సివిల్ కోర్టుకే పోవాలి. అప్పుడు మొదట పిలిచేది ఆ ఇద్దరు సాక్షుల్లో ఒకరిని. వాళ్ళ ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు వీలునామా జతలోనే రాసి పెట్టండి, మారినప్పుడు కొత్తవి చేర్చండి.